మూడు నలభై మనిషి

"నువ్వన్నా చెప్పు శ్రావణీ. నా మాట వాడు ఏ పొద్దు విన్న్యాడు గనక," అంది అనసూయమ్మ పెనం మీద దోసె తిరగేస్తూ.

శ్రావణి టిఫిన్ డబ్బా మూత పెట్టింది. సరిగా పడలేదు. తీసి మళ్ళీ పెట్టింది.

"ఈ పొద్దు సాయంత్రం ఆరు దాకానే గదా టైము? వాళ్ళ సారు సాయిచంద్ ఫోన్లో అరుస్తాంటే నాకు ఈడికి వినపడింది. ఒక్క మెయిల్ పెట్టు చాలు, రాజీనామా లేదనుకుంటా అన్న్యాడు. వీడేమో ఆలోచిస్తా సార్ అంటాడు. ఏముండాదని ఆలోచించేదానికి?"

"అత్తా, దోసె మాడుతోంది."

"మాడనీ."

సోమవారం పొద్దున అవినాష్ రాజీనామా పెట్టాడు. ఇక పాటలే చేస్తానని, రెండో ఆల్బమ్ మొదలుపెడతానని సోమవారం సాయంత్రం ఇంట్లో చెప్పాడు. అప్పటినుంచి మదీనాగూడలోని ఆ పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో ముగ్గురు మనుషులు ఒకే కుక్కర్లో వండిన అన్నాన్ని మూడు వేళల్లో తింటున్నారు. ఒకరు తింటున్నప్పుడు మిగతా ఇద్దరికీ ఏదో పని గుర్తొస్తుంది.

"అమ్మా, నాకు వినపడుతోంది," అన్నాడు అవినాష్ హాల్లోంచి.

"వినపడాలనే అంటాండా."

శ్రావణికి అనసూయమ్మ వట్టి అత్తగారు కాదు, సొంత మేనత్త. అవినాష్ ఆమె పుట్టిన దగ్గరనుంచీ బావ. ప్రొద్దుటూరులో ఒకే వీధిలో, ఒకరి ఇంట్లో కూర ఇంకొకరి ఇంట్లోకి పోతూ పెరిగిన వాళ్ళు. అలాంటి వాళ్ళు హైదరాబాద్ వచ్చి, రెండు పడగ్గదుల ఇంట్లో ఇంత దూరంగా ఎలా ఉండగలుగుతున్నారో నాకు అర్థం కాదు. అర్థమయ్యేలా చెప్పమంటే వాళ్ళూ చెప్పలేరు.

శ్రావణి బ్యాగు భుజానికి వేసుకుని హాల్లోకి వచ్చింది. అవినాష్ సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఒళ్ళో ల్యాప్‌టాప్, మెడలో హెడ్‌ఫోన్లు. గడ్డం మూడు రోజులది.

"బావా, ఇంకోసారి ఆలోచించు."

"ఆలోచించినా."

"ఎవరి కోసం వదిలేస్తున్నావు ఉద్యోగం?"

అతనికి కోపం రాలేదు. వస్తే బాగుండేదని ఆమెకు అనిపించింది. అతను ల్యాప్‌టాప్ ఆమెవైపు తిప్పాడు.

"నిన్న కూడా విన్నాడు చూడు. తొమ్మిది పాటలూ. వరసగా. ఒక్కటి కూడా దాటెయ్యలేదు."

తెర మీద ఆల్బమ్ పేరు, 'అమ్మ చెక్కించిన మాట'. దాని కింద విన్నవాళ్ళ పట్టిక. ఊరు హైదరాబాద్. వినేవారు ఒక్కరు. సమయం మధ్యాహ్నం మూడు నలభై.

రెండేళ్ళు శని ఆదివారాలు లేకుండా చేశాడు ఆ ఆల్బమ్. శాతవాహన రాజు తల్లి గౌతమీ బాలశ్రీ, కొడుకు పోయిన ఎన్నో ఏళ్ళకు, మనవడి ఏలుబడి పంతొమ్మిదో ఏట నాసిక్ కొండ గుహలో కొడుకు గొప్పలన్నీ రాతి మీద చెక్కించింది. ఆ ఒక్క శాసనం మీద తొమ్మిది పాటలు. యుద్ధాలు లేవు, గుర్రాల డెక్కల చప్పుడు లేదు. ఒక ముసలామె, ఒక కొండ, రాయి చెక్కే ఒక మనిషి. విడుదలైన రోజు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఇరవై ఆరు మంది బొటనవేలు బొమ్మ పెట్టారు. పాట మాత్రం ఎవరూ తెరవలేదు. ఆ సంగతి కూడా పట్టికలో కనబడుతుంది.

"ఒక్క మనిషి బావా."

"ఒక్క మనిషే. నాలుగు వందల పదకొండు రోజులు. సంక్రాంతప్పుడు ఆ రెండు రోజులు తప్ప, పండగ లేదు, ఆదివారం లేదు. బాగుంది అని చెప్పి మర్చిపోయేవాళ్ళు వెయ్యిమంది ఉన్నా నాకు ఇంత బలం రాదు. ఆయనకు ఇది కావాలి శ్రావణీ. రోజూ కావాలి."

"ఆయన అని నీకెట్లా తెలుసు?"

"తెలీదు. అనుకుంటా." అవినాష్ మొహంలో మూడు రోజుల తర్వాత మొదటిసారి కాస్త వెలుగొచ్చింది. "రిటైరైన హిస్టరీ లెక్చరరై ఉంటాడు. చందానగర్‌లోనో హఫీజ్‌పేట్‌లోనో. మధ్యాహ్నం పడుకుని లేచి, టీ పెట్టుకుని, అప్పుడు వింటాడు. ఇంట్లో ఇంకెవరూ ఉండరు. ఉంటే రోజూ యాభై రెండు నిమిషాలు ఎవరు విననిస్తారు?"

శ్రావణి గోడ మీద గడియారం చూసింది. క్యాబ్ కింద ఉన్నట్టు ఫోన్ మోగింది.

"ఇంట్లోంచే పనిచేస్తున్నా కదా, నేను కూడా మూడు నలభైకి పని ఆపేస్తా, నీకు తెలుసా? పాట పెట్టను. ఊరికే కూర్చుంటా. ఆ టైముకి ఎక్కడో ఒకాయన వింటా ఉంటాడు కదా అని." అతను తల దించుకుని ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు. "పొద్దున్నుంచి రాత్రి దాకా నాకు తోడున్నట్టుండేది ఆ యాభై రెండు నిమిషాలే."

నేనిక్కడ ఉన్నాను కదా అనవచ్చు శ్రావణి. చెప్పులు వేసుకుని లిఫ్టు దగ్గరికి నడిచింది.

ఆ మూడు నలభై మనిషి ఎవరో శ్రావణికి తెలుసు. రాయదుర్గంలో ఆమె పనిచేసే కంపెనీ నాలుగో అంతస్తులో టెస్టింగ్ ల్యాబ్ ఉంది. గోడ పొడవునా అరలు, అరల్లో వంద దాకా ఫోన్లు. కంపెనీ తయారు చేసే యాప్‌లు అన్నిరకాల ఫోన్లలోనూ సరిగా నడుస్తున్నాయో లేదో వాటి మీద చూస్తారు. చూసేది కూడా మనుషులు కాదు. ఏ బటన్ ఎప్పుడు నొక్కాలో ముందే రాసిపెడితే ఫోన్ తనంతట తానే నొక్కుకుంటుంది. అలా రాసిపెట్టడమే శ్రావణి ఉద్యోగం.

రెండో అరలో ఎడమ నుంచి ఐదో ఫోన్. అదీ చందానగర్ లెక్చరర్ గారు.

ఆల్బమ్ విడుదలైన ఏడు నెలలకు ఒక సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి అవినాష్ బాల్కనీలో నిలబడి ఉన్నాడు. పట్టికలో వరసగా నలభై రోజులు సున్నా, అంతకుముందు తెరిచిన ఒకరిద్దరూ మొదటి పాట దాటలేదు. "తీసేద్దామనుకుంటున్నా," అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. రాత్రి అన్నం తినలేదు. ఆ మర్నాడు ఆఫీసులో ఆమె పదకొండు వరసలు రాసింది. మూడు నలభైకి యాప్ తెరువు, ఆల్బమ్ పెట్టు, చివరిదాకా నడవనీ, మూసెయ్యి. రెండు రోజులు నడిపి ఆపేద్దామనుకుంది. ఆ రెండో రోజు అతను చందానగర్ బజారుకు వెళ్ళి, అరకిలో జిలేబీ తీసుకుని, ఎనిమిదేళ్ళ పిల్లాడి మొహంతో ఇంటికొచ్చాడు.

ఆ మొహం చూశాక ఎవరు మాత్రం ఆపుతారు చెప్పండి.

ఒకసారి ఆగింది కూడా. సంక్రాంతి తర్వాత ల్యాబ్‌లో కరెంటు పనులని రెండు రోజులు అన్ని ఫోన్లూ ఆపేశారు. "ఆయనకు ఒంట్లో బాగాలేదేమో," అన్నాడు అవినాష్ మొదటి రోజు. రెండో రోజు అనసూయమ్మ చేత దేవుడి దగ్గర దీపం పెట్టించాడు. మూడో రోజు పొద్దున్నే శ్రావణి అందరికన్నా ముందు ఆఫీసుకు వెళ్ళి ఆ ఫోన్‌ను లేపింది.

ఒక్క పొరపాటు చేసింది. పని తెలిసిన మనిషి చెయ్యకూడని పొరపాటు. రోజుకొక వేళలో నడిచేలా రాయలేదు. ఒకరోజు రెండు పాటలే విని వదిలేసేలా రాయలేదు. మనిషన్నవాడు అంత కచ్చితంగా ఉండడని ఆమెకు తట్టలేదు. అవినాష్‌కు తట్టి ఉండాల్సింది. ఆశపడ్డవాడికి ఆ అనుమానం రాదు.

ల్యాబ్‌లో ఫోన్లకు సౌండ్ పెట్టకూడదని రూలు. వంద ఫోన్లు ఒక్కసారి మోగితే ఏం కావాలి. కాబట్టి చందానగర్ లెక్చరర్ గారు నాలుగు వందల పదకొండు సార్లు విన్నది నిశ్శబ్దమే. శ్రావణి విన్నదీ అంతే. అవినాష్ అప్పుడప్పుడు ముక్కలు ముక్కలుగా వినిపించేవాడు, ఆమె కూర తరుగుతూ తలూపేది. ఆల్బమ్ మొత్తం ఆమె ఒక్కసారి కూడా వినలేదు. చేసినవాడి భార్య కదా, ఎప్పుడైనా వినొచ్చు అనుకుంది. అలా అనుకున్నవాటికి ఎప్పుడూ వేళ రాదు.

మధ్యాహ్నం మూడున్నరకు ఆమె ల్యాబ్ తలుపు తీసింది. టీమంతా మీటింగ్‌లో ఉన్నారు. లోపల మమత ఒక్కతే పొడిగుడ్డతో అరలు తుడుస్తోంది. హౌస్‌కీపింగ్‌లో చేరి ఏడాది దాటింది. వనపర్తి వైపు మనిషి.

ఆ పదకొండు వరసలూ తుడిచేసి, చందానగర్ లెక్చరర్‌ను ఈ రోజుతో చంపేద్దామనే వచ్చింది శ్రావణి. ఈ రోజు మూడు నలభైకి ఎవరూ వినకపోతే, ఆరులోగా అతని మనసు మారుతుందేమో. అబద్ధాన్ని ఒప్పుకోకుండానే ఆపెయ్యవచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు.

అరలోంచి ఫోన్ తీసి చేతిలో పట్టుకుంది. మూడు ముప్పై ఎనిమిది.

"గా ఫోన్ ఖరాబైందా మేడం?" అంది మమత.

"ఎందుకు?"

"రోజు గీ టైముకే లేస్తది. నేను తుడ్వబోతుంటే ఎలుగుతది. పాట నడిచినట్టు గీత ఉరుకుతనే ఉంటది గని సప్పుడు రాదు. ఒక్కతే నడుస్తది, ఒక్కతే బంద్ అయితది. జర చూస్తె పాపమనిపిస్తది."

శ్రావణి చేతిలోని ఫోన్ వెలిగింది. యాప్ దానంతట అదే తెరుచుకుంది. అలవాటైన దారిలో నడిచినట్టు ఒక్కొక్క బటన్ నొక్కుకుంటూ పోయింది. మొదటి పాట గీత కదలడం మొదలైంది.

ఎందుకు చేసిందో తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకు తెలియలేదు. పక్కనున్న బటన్ నొక్కి సౌండ్ పెంచింది.

మొదటి పాటలో ఒక ముసలామె కొండెక్కుతోంది. ఆయాసమే తాళం. ఎక్కడా వీణలు, వయొలిన్లు లేవు. రెండో పాటలో రాయి చెక్కే మనిషి, ఎన్ని వరసలు రాయాలమ్మా అని అడుగుతాడు. శ్రావణి స్టూలు లాక్కుని కూర్చుంది. నాలుగో పాట దాకా ఆమె దృష్టంతా గడియారం మీదే ఉంది. ఐదో పాటలో గడియారం సంగతి మరిచిపోయింది.

ఎనిమిదో పాట పాడింది అనసూయమ్మ.

ఆ పాట పాడటానికి ఆమె మూడు నెలలు ఒప్పుకోలేదు. బతికున్న కొడుకును పక్కన పెట్టుకుని, కొడుకు పోయిన తల్లి పాట నోట ఎట్లా పలుకుతానురా అని ఏడ్చింది. చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. ఆమె పాడేటప్పుడు అవినాష్ ఇంట్లో ఉండకూడదు, గడప దాటి వెళ్ళిపోవాలి. అతను లిఫ్టు దగ్గర మెట్ల మీద కూర్చున్నాడు. ఆమె ఒక్కతే పడగ్గదిలో, బయటి చప్పుడు రాకుండా బొంతలూ దుప్పట్లూ వేలాడదీసిన బీరువా ముందు నిలబడి, కొడుకు చూపించిన రికార్డింగ్ బటన్ తానే నొక్కి పాడింది. తర్వాత అతన్ని గుమ్మంలోనే ఆపి, ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసి లోపలికి రానిచ్చింది. శ్రావణి ఆ రోజు ఆఫీసులో ఉంది.

ఇప్పుడు ఆ గొంతు ల్యాబ్‌లో వంద ఫోన్ల మధ్య నుంచి వస్తోంది. వాయిద్యం లేదు. వెనక ఉలి చప్పుడొక్కటే.

కొడుకు ఓడించిన రాజుల పేర్లు చెబుతోంది. అతని గుర్రాలు మూడు సముద్రాల నీళ్ళు తాగాయని చెబుతోంది. జనం సుఖానికి సుఖపడి, వాళ్ళ కష్టానికి కష్టపడ్డాడని చెబుతోంది. రాగం కూడా పెద్దగా లేదు, చెప్పి రాయిస్తున్నట్టే ఉంది. తల్లికి ఎడతెగకుండా సేవ చేసినవాడు అంది. అని ఆగింది. ఉలి కూడా ఆగింది.

ఫోన్ ఆగిపోయిందేమోనని శ్రావణి చూసింది. గీత కదులుతూనే ఉంది.

"చెక్కు నాయనా," అంది అనసూయమ్మ గొంతు, పాట కాదు, మామూలు మాట. "ఆగినావేంటికి?"

ఆ మాట అవినాష్ రాసింది కాదు. రాస్తే ఆ యాసలో రాయడు. ఒక్కతే ఉన్న గదిలో, ఎదురుగా మనిషి లేకుండా, ఆమె నోటినుంచి వచ్చేసిన మాట అది. అతను దాన్ని తీసెయ్యకుండా ఉంచాడు.

మమత చేతిలో గుడ్డ అలాగే ఉంది. "ఎవరామె? కొడుకు పోయిండా?"

"ఊఁ. చాలా ఏండ్లయింది."

"ఎన్నేండ్లు?"

"దాదాపు రెండు వేల ఏండ్లు."

మమత నవ్వలేదు. "మా తాన గిట్లనే ఏడుస్తరు మేడం. మీద వడి, ఆడు జేసినయన్ని ఒక్కొక్కటి జెప్పుకుంట. గీ పని జేస్తివి కొడ్కా, గా పని జేస్తివి కొడ్కా అని. ఇనెటోళ్ళకు గొప్పలు జెప్పినట్టుంటది. గొప్పలు గాదు గవి."

శాసనం గొప్పల పట్టిక కాదు, ఏడుపు. ఆ సంగతి అవినాష్ ఈ నాలుగేళ్ళలో ఆమెకు ఎన్నిసార్లు చెప్పాడో. అన్నం తింటూ చెప్పాడు, క్యాబ్‌లో చెప్పాడు, పెళ్ళిరోజున హోటల్లో కూర్చుని చెప్పాడు. బాగుంది బావా అంది ప్రతిసారీ. పొడిగుడ్డ పట్టుకుని నిలబడిన మనిషికి ఒక్క పాటకే అర్థమైంది. శ్రావణికి తన మీద తనకు అసహ్యం వేసింది. ఏడుపు కూడా వచ్చింది, ఆపుకోలేదు.

తొమ్మిదో పాట అయిపోయాక ఫోన్ తనంతట తానే మూసుకుంది. శ్రావణి ల్యాబ్ కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పదకొండు వరసలూ తుడిచేసింది. తర్వాత క్యాబ్ బుక్ చేసింది.

కొత్తగూడ దగ్గర ట్రాఫిక్ ఆగింది. ఏం చెప్పాలో దారి పొడుగునా పేర్చుకుంది. చాలా బాగుంది బావా, నిజంగా బాగుంది, ఉద్యోగం మాత్రం వదలొద్దు. కాదు, ముందు ఫోన్ సంగతి చెప్పాలి. చెప్పకుండా బాగుందంటే ఇంకో అబద్ధం మీద రెండో ఆల్బమ్ కట్టుకుంటాడు. చెప్పి బాగుందంటే నమ్మడు. క్యాబ్ కదిలింది.

ఆమె లోపలికి అడుగుపెట్టేసరికి ఐదు ఇరవై అయింది. అనసూయమ్మ కింద కూర్చుని గోంగూర ఆకులు తుంచుతోంది. అవినాష్ పొద్దున కూర్చున్న చోటే ఉన్నాడు, గడ్డం మాత్రం గీసుకున్నాడు.

"ఈ రోజు కూడా విన్నాడు," అన్నాడు. "నాలుగు వందల పన్నెండు."

"ఈ రోజు విన్నది నేను."

అతను తలెత్తాడు.

శ్రావణి చెప్పింది. నిలబడే చెప్పింది, బ్యాగు కూడా దించలేదు. ల్యాబు, రెండో అర, ఐదో ఫోన్, పదకొండు వరసలు. బాల్కనీలో నిలబడిన సాయంత్రం, జిలేబీ, కరెంటు పనులు. 

"రోజూ?" అన్నాడు అవినాష్. "అన్నీ నువ్వేనా? ఒక్కరోజన్నా ఇంకెవరైనా..."

"లేరు బావా."

తర్వాత మాట్లాడింది అనసూయమ్మ. పొద్దున్నుంచి కొడుకు ఉద్యోగం గురించి కొట్టుకున్న మనిషి, ఇప్పుడు ఆ మాటే ఎత్తలేదు. చేతిలో ఆకులు కింద పెట్టింది.

"అయితే నా పాట ఎవురూ వినలేదా?"

కొడుకు వైపు తిరిగింది.

"ఎవురో ఆయప్ప వింటాండాడు, ముసిలాయన, ఒంటరోడు అని చెప్తివి గదరా. నేను రోజూ మూడున్నరకు పడుకున్న్యదాన్ని లేచి కూర్చుంటాంటి. ఎవురికో నా గొంతు పోతాంది గదా అని." ఆమె లేచింది. మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా లేచింది. తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

మూడు నలభైకి ఈ ఇంట్లో ఒకరికి తెలియకుండా ఒకరు ఇద్దరు కూర్చున్నారన్నమాట. హాల్లో ఒకరు, గదిలో ఒకరు. మధ్యలో ఒక గోడ. ఒకరినొకరు పిలుచుకుని ఆ పాట పెట్టుకుని ఉంటే సరిపోయేది కదా అని మీకూ నాకూ అనిపిస్తుంది.

"బావా, నేను ఈ రోజు విన్నాను. మొత్తం. సౌండ్ పెట్టి." శ్రావణి అతని ఎదురుగా కింద కూర్చుంది. "చాలా బాగుంది. నువ్వేం చేశావో నాకు ఈ రోజే అర్థమైంది. మా ఆఫీసులో మమత అని ఒకామె ఉంది, ఆమె కూడా విన్నది. గొప్పలు కాదు, ఏడుపు అని ఆమే అన్నది. నువ్వు చెప్పిన మాటే."

"మమత." అవినాష్ ఆ పేరును ఒకసారి పలికి చూసుకున్నాడు. "ఆమె ఎన్నో అరలో ఉంటుంది?"

"బావా."

"కాదు, అడుగుతున్నా. ఆమె ఏం చేస్తుంది, ఎక్కడుంటుంది, అన్నీ చెప్తావు. నేను నమ్ముతా. పొద్దున దాకా ఆయన టీ కూడా తాగాడు నా బుర్రలో." గొంతు పెంచలేదతను. పెంచకపోవడం వల్లనే ప్రతి మాటా తగిలింది. "నాలుగు వందల పన్నెండు సార్లు. అందులో నిజంగా విన్నది ఒక్కటి అంటున్నావు. పట్టికలో అన్నీ ఒకేలా ఉన్నాయి శ్రావణీ. ఏది నిజమో నాకెట్లా తెలియాలి?"

"నా మొహం చూస్తే తెలియట్లేదా?"

"నీ మొహం రోజూ చూసినా. రోజూ ఆయన విన్నాడని నేను చెప్తాంటే, అవునా బావా అని నవ్వినావు. ఇదే మొహం."

శ్రావణి బ్యాగు భుజం మీంచి దించింది. అతనన్నదాంట్లో తప్పేమీ లేదు.

"నిన్ను బాధపెట్టాలని చెయ్యలేదు," అంది.

"తెలుసు. నా మీద ప్రేమతోనే చేసినావు. అదే నాకు..." అతను వాక్యం పూర్తి చెయ్యలేదు. "నువ్వు ఒక్కరోజు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నచ్చలేదు బావా అనుంటే నాకు అది చాలు. ఒక మనిషి విన్నట్టుండేది."

కింద ఎక్కడో పిల్లలు ఆడుకుంటున్న అరుపులు పైదాకా వస్తున్నాయి. పదకొండో అంతస్తుకు వచ్చేసరికి ఏం అంటున్నారో తెలియదు, అరుపులు మాత్రమే వస్తాయి.

అవినాష్ ల్యాప్‌టాప్ తెరిచి చకచకా ఏదో కొట్టాడు. కొట్టి దాన్ని ఆమె ముందు నేల మీద పెట్టాడు.

సాయిచంద్ గారికి మెయిల్. నాలుగు వరసలు. తొందరపాటుకు క్షమించమని, రాజీనామా వెనక్కి తీసుకుంటున్నానని. కింద అతని పేరు. పంపడం ఒక్కటే మిగిలింది.

"నువ్వు పంపు," అన్నాడు.

"నేనెందుకు?"

"ఈ ప్రపంచంలో దాన్ని విన్న మనిషివి నువ్వొక్కదానివే, నువ్వు చెప్పేది నిజమైతే. బాగాలేకపోతే పంపెయ్. నేను రేపు స్నానం చేసి ఆఫీసు పనిలో కూర్చుంటా, ఇంక ఈ ఇంట్లో పాట మాటెత్తను, నిన్నేమీ అనను. బాగుంటే పంపొద్దు."

"ఇట్లా అడగడం న్యాయం కాదు బావా. బాగుండడం వేరు, ఉద్యోగం వేరు."

"నాకు వేరు కాదు. ఇన్నాళ్ళూ నీ మెచ్చుకోలు నాకు ఊరికే వచ్చింది. నీకూ దానికి ఏ ఖర్చూ కాలేదు, ఒక ఫోన్ మెచ్చుకుంటా ఉండింది. ఇప్పుడు నీ చేతిలో పెడుతున్నా. దేన్ని ఎంచుకుంటావో చూసి, నువ్వు విన్నావో లేదో తెలుసుకుంటా."

శ్రావణి అతని వైపు చూసింది. బెదిరింపు కాదది. నిజంగానే తెలుసుకోవాలనుకుంటున్నాడు. ఈ ఇంటి మీద ఇంకా పదహారేళ్ళ అప్పుంది, ఒక్క జీతంతో అది ఎన్నాళ్ళు నడుస్తుందో ఇద్దరికీ తెలుసు. అత్తయ్య బీపీ మాత్రల దగ్గరనుంచి అన్నీ ఆమెకు గుర్తొచ్చాయి. ఎనిమిదో పాటలో ఆగిన ఉలి కూడా గుర్తొచ్చింది.

ల్యాప్‌టాప్ మూల ఐదు యాభై ఒకటి అని చూపిస్తోంది. ఆమె దాన్ని దగ్గరికి లాక్కుని, బాణం గుర్తును మెయిల్ పంపే బటన్ మీదికి తెచ్చి, నొక్కబోయే వేలిని ఆపింది.

లోపలి గది తలుపు తెరుచుకుంది. అనసూయమ్మ గడప దాటలేదు. తలుపు పట్టుకుని అక్కడే నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఈ ల్యాప్‌టాప్, ఈ మెయిల్, ఇక్కడ జరుగుతున్న బేరం ఏదీ ఆమె వినలేదు.

"అమ్మీ, నువ్వన్నా విన్న్యావంట గదా," అంది. "నా గొంతు బాగుండిందా? నిజం చెప్పు. వాడు ఉండాడని చూడొద్దు."

అవినాష్ తల్లి వైపు చూడలేదు. శ్రావణి వేలి వైపే చూస్తున్నాడు.

"బాగుంది అత్తా," అంది శ్రావణి. "చాలా బాగుంది."

అన్నాక చెయ్యి వెనక్కి తీసుకోవాలి. తీసుకుందామనే అనుకుంది. వేలు మాత్రం ఆ బటన్ మీదే ఉండిపోయింది.